శిక్షయు దిద్దుబాటును: కృష్ణాతీరపు బడుల పూర్వచరిత్రము

శిక్ష యను పదమునకు సంస్కృతమున నేర్పుట యని యర్థము. వేదాంగములలో నొకదానికి అదియే పేరు. ఉత్తరదేశపు భాషలలో నేటికిని శిక్ష యన్న జదువే. తెలుగున మాత్ర మీ పదము జనుల నోట బడినతోడనే దండన మను నర్థమును దాల్చినది. కన్నడ మలయాళములలోను దానికిదే గతి. 1832వ సంవత్సరమున పుదూరు సీతారామశాస్త్రిగారు కూర్చిన పుస్తకమునకు బాలశిక్ష యని పేరు పెట్టినప్పుడు పాతయర్థమే వారి మనస్సున నున్నది. కాని యా పుస్తకమును జేతబట్టుకొని కూర్చున్న బాలుడు వీపున నెఱిగిన శిక్ష వేఱు. రెండర్థములు నొక్క మాటలో, నొక్క బడియఱుగుమీద, కలిసి కాపురము చేసినవి. దండ మను పదమును నట్టిదే: గురువు చేతిలోని కఱ్ఱయు దండమే, శిష్యుడు పెట్టు నమస్కారమును దండమే. శిష్య శబ్దమునకు మూలమైన ధాతువునకే బోధించుట, అదుపులో నుంచుట యను రెండు తలలు గలవు గాన, ఈ కలయికకు మన తెలుగువారినే తప్పుపట్టుట న్యాయము కాదు.

అయినను ఈ శబ్దసాంకర్యమునుండి యొక నమ్మకము పుట్టినది. గురువు కొట్టుట మన పూర్వాచారము, కొట్టవల దనుట పరదేశపు మాట యని. బడిలో బెత్తము నిషిద్ధమై యిరువదియేండ్లు దాటిన పిమ్మటను ఈ నమ్మకము సడలలేదు. పిల్లవానిని గొట్టిన యుపాధ్యాయుని సమర్థించువారు మొదట జెప్పున దిదియే. ఇక బెత్తమునకు బదులుగా కొన్ని దేశముల బడులలో నొక పద్ధతి సాగుచున్నది. తప్పు చేసినవానిని గొట్టక, వెలివేయక, ఆ తప్పువలన నొచ్చినవారి యెదుట గూర్చుండబెట్టి, జరిగిన చెఱు పేమి, అది యెవరికి దగిలినది, దాని నెట్లు పూడ్చవలెను అని యందఱును గలిసి తేల్చుకొందురు. దీనిని సంధానపద్ధతి యందము. ఇది మనకు నిజముగా క్రొత్తదియా, లేక మనము మఱచినదియా యని విచారించుటకే యీ వ్యాసము.

విచారమునకు చల్లపల్లి పరిసరములను బట్టుకొంటిని. దేవరకోట సంస్థానాధీశులైన యార్లగడ్డవారి కోట యున్న యీ యూరికి ఉత్తరమున ఘంటసాల బౌద్ధక్షేత్రము, ఆపైని మొవ్వ, కూచిపూడి, తూర్పున బందరు, దక్షిణమున దివిసీమ లంకలు. వేదమును, వినయపిటకమును, వీధిబడియు, దొరలబడియు ఒక దినపు బండిప్రయాణములో నిమిడిన చోటు తెలుగునాట నరుదు.

మొదట వీధిబడి. చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూను నెలలో, జిల్లాల యందలి బడుల వివరములు పంపుడని కలెక్టర్లను గోరెను. వచ్చిన యుత్తరములలో బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన వ్రాసినది బడిలోపలి నడవడిని జూపుటలో దక్కినవానిని మించినది. ఉదయమున మొదట వచ్చిన పిల్లవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురట, అది గౌరవచిహ్నము. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తెగడికయు లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికి నొక్కొక్కటి యెక్కువ. బళ్లారి మనకు దూరమే యైనను ఆచార మొక్కటే. కృష్ణాతీరపు బడులలో దీనినే శ్రీ యనియు చుక్క యనియు వ్యవహరించిరి. శ్రీ పడినవాడు ఆనాటికి దొర. చుక్క పడినవాడు బ్రతికిపోయినవాడు.

ఈ యేర్పాటును గొంచెము లెక్కవేసి చూడవలెను. 40 మంది గల బడిలో గడపట వచ్చినవానికి 38 దెబ్బలు. పిల్లలందఱును కోడికూతకే లేచి వచ్చినను ఆ 38 దెబ్బలు నెవనికో యొకనికి దప్పవు. ఏలన, ఎవడో యొకడు కడపటివాడు కాక తీఱదు. వాడు చేసిన హాని యెవనికి? ఎవనికిని గాదు. వాడు దూడను గట్టి వచ్చెనో, చెల్లెలి నెత్తుకొని నిలిచెనో, యడుగువారును లేరు. దండనము తప్పును వెదకికొని పోలేదు. వరుసను బట్టి పోయినది. నా యుద్దేశమున వీధిబడి దండనమునకు నిదియే గుఱుతు: అది కాఠిన్యముచేత గాక, హాని యను తలంపుతో నెట్టి సంబంధమును లేకుండుటచేత నెక్కువ దోషము గలది.

కాఠిన్యమునకును గొఱత లేదు. తొడపాశము, చెవిమెలిక, గుంజీలు, గోడకుర్చీ, మోకాళ్లమీద నిలుపుట, యెండలో నిలుపుట, అన్నిటికిని మిన్నగా కోదండము. దూలమునుండి వ్రేలాడు త్రాటిని బట్టుకొని బాలుడు నేలకు గాలందక వ్రేలాడవలెను. క్రింద చింతబరికె తన పని తాను జేయును. శ్రీరాముని వింటిపే రీ త్రాటి కెట్లు వచ్చెనో కాని, పెట్టినవాడు హాస్యప్రియుడు. సోమరి పిల్లవానిని రెండు చేతులతో నింటికప్పునకు వ్రేలాడగట్టుటను, మోకరిల్లి లేచుచు నుండునట్లు చేయుటను కాంబెల్ పేర్కొని, ఈ రెండవది మిక్కిలి బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచిది కావచ్చునని యొక ముక్క చేర్చెను. దొరకును హాస్యము తెలియును.

అయ్యవారిపై గోపగించుకొనుటకు ముందు ఆయన సంపాదనను జూడవలెను. మన్రో 1826 మార్చి 10వ తేదీ నాటి మినిట్సులో, రాజధాని మొత్తమున 12,498 బడులును 1,88,650 మంది విద్యార్థులును గలరనియు, ఉపాధ్యాయులలో హెచ్చుమందికి నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదనియు వ్రాసెను. ఒక్కడే గురువు, పలు తరగతుల పిల్లలు, తల్లిదండ్రు లిచ్చు గింజలు, దసరానాడు పిల్లలను వెంటబెట్టుకొని యిల్లిల్లు దిరిగి తెచ్చుకొను కట్నము. అట్టివానికి నలువదిమంది యలజడి నడంచుటకు సులువైన సాధనము చింతబరికె. అది శాస్త్రమునుండి రాలేదు, చెట్టునుండి వచ్చినది.

ఇట్టి బడినుండియే వేఱొక వెలుగును పుట్టినది. చెన్నపురి యెగ్మూరులోని సైనికుల యనాథబాలుర శాలకు అధికారియైన ఆండ్రూ బెల్, పిల్లలు ఇసుకలో వ్రాసికొనుచు నొకరికొకరు నేర్పుకొను మన వీధిబడి పద్ధతిని జూచి, దానిని తన బడిలో బెట్టి, 1797లో లండనున గ్రంథముగా బ్రకటించెను. ఇంగ్లండున మదరాసు పద్ధతి యని పేరుకెక్కిన దిదియే. ఆయన ఇసుకను గైకొనెను, చింతబరికెను గైకొనలేదు. తప్పుల నొక పుస్తకమున వ్రాయించి, వారమున కొకమాఱు బడి యంతటి యెదుట జదివించి, తీర్పు చెప్పుటకు బాలురలోనుండియే పంచాయతీని గూర్చెను. తీర్పు దండనమే కాని సంధానము కాదు. అయినను పిల్లవాని తప్పు బడి యందఱి సంగతి యని యొప్పుకొన్న మొదటి బడులలో నిది యొకటి, అదియు మన చెన్నపురిలో.

ఇక శాస్త్రము. కొట్టుటకు బ్రమాణము చూపువారు చేతబట్టునవి రెండు మూడు. గురువుల చేతి దెబ్బ యమృతము వంటిదను భావము గల శ్లోకమొకటి పాణిని యెనిమిదవ యధ్యాయమునకు వ్రాసిన మహాభాష్యమున గానవచ్చును. మనువు నాల్గవ యధ్యాయమున, ఒరులపై గఱ్ఱ యెత్తరాదని చెప్పుచు, పుత్రుని శిష్యుని మాత్రము మినహాయించెను. ఇవి యున్నమాట నిజము. దాచవలసిన పని లేదు. కాని యా మనువే రెండవ యధ్యాయమున ప్రాణులకు శ్రేయస్సును బోధించుట హింస లేకయే చేయదగినదనియు, మాట మధురముగా నుండవలె ననియు విధించెను. ఎనిమిదవ యధ్యాయమున త్రాటితోగాని వెదురుబద్దతోగాని వీపుననే కాని తలపై గొట్టరాదనియు, మీఱినవానికి దొంగకు గల పాప మనియు జెప్పెను. గౌతమధర్మసూత్ర మింకను స్పష్టము: శిష్యుని గొట్టకయే శాసింపవలెను, సాధ్యము కానప్పుడు సన్నని త్రాడో సన్నని వెదురుబద్దయో, మఱి దేనితో గొట్టినను గురువునే రాజు దండింపవలెను. కొట్టుటకు ననుజ్ఞ యని మనవారు చదువునది, సరిగా జదివినచో గొట్టువాని చేతికి వేసిన సంకెల. కోదండమును జూచియున్నచో గౌతముడు అయ్యవారిని రాజభటుల కప్పగించియుండును.

కాని తెలుగుదేశపు వైదికులలో హెచ్చుమందికి గల్పసూత్రము గౌతమీయము కాదు, ఆపస్తంబము. దివిసీమ యగ్రహారములలోను ప్రవర చెప్పునప్పుడు వినబడు సూత్ర మదియే. కావున మన యిండ్లలో నిత్యము పేరు చెప్పుకొను ఋషి శిష్యదండనమును గూర్చి యేమనెనో చూడక, ఎచ్చటనో యున్న శ్లోకమును బట్టుకొనుట వింత. ఆపస్తంబధర్మసూత్రము మొదటి ప్రశ్నమున గురుధర్మములు గలవు. గురువు శిష్యుని బుత్రునివలె గోరుచు, ఏ విద్యను దాచక, శ్రద్ధతో నేర్పవలెను. ఆపద లేనిచో దన సొంతపనులకై వాని చదువు చెడునట్లు నిర్బంధింపరాదు. తప్పు చేసిన శిష్యునకు దండనములుగా నాయన చెప్పినవి నాలుగు: బెదరించుట, ఉపవాసము, చన్నీటిస్నానము, గురువు కంటబడకుండ దూరముగా నుంచుట. వీనిలో దెబ్బ లేదు. అంతకు మించి గమనింపదగినది దండనమున కాయన పెట్టిన యవధి. వాడు దోషమునుండి మరలువఱకు మాత్రమే యివి; మరలినతోడనే తీఱినట్లు. ఇన్ని యని లెక్క లేదు. శ్రీ చుక్కల బడిలో లెక్క యున్నది, అవధి లేదు. ఆపస్తంబుని గురుకులమున నవధి యున్నది, లెక్క లేదు.

మఱియొక సూత్రము గలదు; దానిని మన పాఠశాలలలో నెందుచేతనో బిగ్గఱగా జదువరు. గురువు పొరపాటుననో తెలిసియో నియమమును దప్పినచో శిష్యుడు దానిని రహస్యముగా నాతనికి దెలుపవలెను. గురువు మరలకున్నచో నా పనిని శిష్యుడు తానే చేయవలెను. తప్పును దెలుపుట రెండువైపుల నడచు త్రోవ యని, దానిలో నెదుటివాని పరువు గాపాడవలె నని, జరిగిన లోపము పూరింపబడవలె నని — మూడంశములు నొక్క విధిలో నిమిడియున్నవి. ఒక దోషమును జెప్పక తప్పదు. ఈ గురుకులము కొలదిమంది ద్విజబాలురది. గురుగృహమున గాపురముండి చదువు వారిది. ఊరిలో సగమునకు మించిన జనమున కా గడప లేదు. దూరముగా నుంచుట యను దండనమును ఊరివెలుపల నున్న పేటలవారు తప్పు చేయకయే యనుభవించిరి. ఆపస్తంబుని మెచ్చుకొనునప్పు డీ సంగతియు దలంపున నుండవలెను.

గడప యింతకంటె విశాలమైన చోటు ఘంటసాల. టాలెమీ కంటకోస్సుల యని వ్రాసిన రేవుపట్టణ మిదియే. నాగార్జునకొండలో బోధిశ్రీ యను నుపాసిక వేయించిన శాసనమున కంటకసేల మహాచైత్యము పేర్కొనబడినది. 1892లో అలెగ్జాండరు రే యిచట స్తూపమును ద్రవ్వించెను. పాలరాతి ఫలకములను గూర్చి మనవారు చాల వ్రాసిరి. అట్టి చైత్యముల చుట్టు నివసించిన భిక్షువులు తమలో దమకు దగవు వచ్చిన నెట్లు తీర్చుకొనిరో వ్రాసినవారు తక్కువ. పాలి వినయపిటకమున దానికి బెద్ద యేర్పాటు గలదు. వర్షావాసము ముగిసిన దినమున బ్రతి భిక్షువును, నాయందు మీరు చూచిన, వినిన, శంకించిన తప్పులను దెలుపుడని సంఘమును దానే యర్థించును, ఇది పవారణము. తగవు ముదిరి యిరుపక్షములును దూషణమునకు దిగినప్పుడు, ఎవరి తప్పెంత యని త్రవ్వక, గడ్డితో గప్పినట్లు చేసి యందఱును దమ తమ తప్పు లొప్పుకొని లేచిపోవుట యింకొకటి. మన విచారమునకు ముఖ్యమైనది మూడవది, పటిసారణీయకర్మము.

దాని కథ యిది. చిత్తు డను గృహస్థుడు, తన యూరి విహారమున నుండు సుధమ్ము డను భిక్షువు నడుగకయే, వచ్చిన స్థవిరులను భోజనమునకు బిలిచెను. అలిగిన సుధమ్ముడు మఱునాడు వంటలు చూడవచ్చి, అన్నియు నున్నవి కాని నువ్వుల పిండివంట లేదే యని గృహస్థుని కులవృత్తిని దెప్పిపొడిచెను. మాట పెరిగినది. సుధమ్ముడు బుద్ధునితో మొఱపెట్టుకొనగా, ఆయన సుధమ్మునే మందలించి, పోయి చిత్తుని క్షమాపణ వేడుమనెను. సుధమ్ముడు పోయెను, కాని సిగ్గుచేత నోరు పెగలక తిరిగివచ్చెను. అప్పుడు సంఘ మేమి చేసినది? మఱింత కఠినమైన దండనమును విధింపలేదు. అనుదూత యని యొక భిక్షువును దోడిచ్చి పంపినది. తప్పు చేసినవాడు వేడినను గృహస్థుడు క్షమింపనిచో అనుదూత వానికొఱకు వేడవలెను. అప్పటికిని గాకున్న సంఘము పేర వేడవలెను. అదియు గాకున్న, ఆ గృహస్థుని కంటికి గనబడునట్లు, చెవికి వినబడునట్లు, వాని యెదుటనే తప్పు నొప్పుకొనవలెను.

ఇందులో మూడు విశేషములు. క్షమాపణ వేడవలసినది గురువును గాదు, సంఘమును గాదు, నొచ్చినవానిని. నొచ్చినవాడు కాషాయము కట్టనివాడైనను సరియే, భిక్షువే వాని గుమ్మము ద్రొక్కవలెను. సిగ్గు దండనమునకు సాధనము కాదు. దాటవలసిన యేఱు, దాటించుటకు దోడు గావలెను. మొదటి యత్నము విఫలమైనప్పుడు పద్ధతినే త్రోసివేయక తోడు నిచ్చుట యను నీ మెలకువ నేటి వారికిని దుర్లభము.

నువ్వులే కారణముగా మఱియొక కథ జాతకములలో గలదు. దానికి తిలముట్ఠి యని పేరు. కాశీరాజకుమారుడు తక్షశిలలో జదువుచు, గురువుతో స్నానమునకు బోవు త్రోవలో నొక ముదుసలి యెండబోసిన నువ్వులను బిడికెడు తీసి తినెను. రెండుదినములు ముదుసలి మిన్నకుండెను. మూడవనా డామె చేతులెత్తి, గురువు తన శిష్యులచేత దోపిడి చేయించుచున్నాడని యేడ్చెను. వెల యిప్పించెదనని గురు వనగా, వెల నా కక్కఱలేదు, మఱల నిట్లు చేయకుండునట్లు వానికి నేర్పు మని యామె యనెను. గురువు ఇద్దఱు శిష్యులచేత గుమారుని బట్టించి వెదురుబద్దతో వీపున మూడు దెబ్బలు కొట్టెను. గౌతముని నియమమునకు సరిపోయిన దండనమే. కుమారుడు నాడు పలుకలేదు. రాజైన పిమ్మట జంపుటకే గురువును బిలిపించెను. గురువు, అప్పుడు నేను గొట్టకున్నచో నీవు గజదొంగవై యుందువని చెప్పగా రాజు సమాధానపడి యాతనిని బురోహితునిగా జేసికొనెను. జాతకకర్త యభిప్రాయము గురువువైపుననే యున్నది, సందేహము లేదు. అయినను కథ తనంత దానే యొప్పుకొన్న దొకటి గలదు: నియమబద్ధమైన మూడు దెబ్బలు ఏండ్ల తరబడి పగను బెంచినవి, దానిని దీర్చినది మఱి దెబ్బ కాదు, ఎదురెదురుగా గూర్చుండి చెప్పుకొన్న మాట.

ఇంతటితో బందరునకు వత్తము. రాబర్టు నోబుల్ 1843లో నచట నాంగ్లపాఠశాలను స్థాపించెను. దొరలబడి వచ్చిన పిమ్మట కోదండపు ద్రాడు క్రమముగా మాయమైనది. బల్లలు వచ్చినవి గాన బల్లయెక్కించుట యను క్రొత్త దండనము వచ్చినది. జరిమానాయు వచ్చినది. దెబ్బ తిన్నది మొదట పిల్లవాని వీపు, జరిమానాతో దండ్రి మొలలోని సంచి; నొచ్చినవాని కేమి ముట్టినదని యడిగినచో రెంటికి నొకటే యుత్తరము. తెలుగున తప్పు అను పదమునకు దోష మనియు, దానికి గట్టు జరిమానా యనియు రెండర్థములు గలవు. ఊరి పంచాయతీలో తప్పు కట్టినవాడు పెద్దలకు గట్టెను. ఈ భాగమున వేగముగా నడచుచున్నాను. ఏలన దండనపు రూపములు మాఱినవి కాని తలంపు మాఱలేదు.

బందరున 1910వ సంవత్సరము మాత్రము నిలిచి చూడదగినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించిన దాయేడే. ఆ యేడే యా పట్టణమునుండి వెలువడు ఆంధ్రభారతి పత్రికలో గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు కథ యచ్చయినది. భోగముమేళములకు మరిగి ప్రొద్దుపోయి యిల్లు చేరు భర్తను భార్య దిట్టదు, పెద్దలతో జెప్పి పరువు దీయదు. ఉత్తరము వ్రాసిపెట్టి మంచము క్రింద దాగి, తా జేసిన పని యెవరికి దగిలినదో యాతనికే తెలియునట్లు చేయును. తెలిసిన క్షణముననే నవ్వు వినబడును. ఆపస్తంబుని యవధి యిదియే: మరలువఱకు మాత్రము. కథకు బెట్టిన పేరును గమనింపుడు. దిద్దుట యనగా సవరించుట. బాలుడు ఇసుకలో నక్షరముమీద మఱల మఱల వ్రేలు నడపుటయు దిద్దుటయే. అక్షరము వంకర పోయినచో నిసుకను జదును చేసి మఱల దిద్దించిన యయ్యవారు, పిల్లవాని నడవడి వంకర పోయినప్పుడు త్రాటికి వ్రేలాడదీసెను. రెండు విద్యలు నాయన చేతిలోనే యుండెను.

ఈ కాలముననే మదనపల్లెలో 1895లో బుట్టిన యొక తెలుగుబాలుడు చెన్నపురి బడిలో బాఠము రాలేదని తఱచుగా బెత్తపుదెబ్బలు తినెను. 1909లో నాతనిని బడి మాన్పించిరి. ఆయన జిడ్డు కృష్ణమూర్తి. పెద్దవాడై తన యూరి సమీపమున నెలకొల్పిన ఋషివ్యాలీ బడికి దండనమును, బహుమానమును రెండును గూడని వని చెప్పెను. పాఠశాలల తనిఖీయధికారిగా బనిచేసిన గుడిపాటి వెంకటచలముగారు పిల్లలను గొట్టుటను నిరసించుచు వ్రాసిన గ్రంథమునకు బిడ్డల శిక్షణ యని పేరు పెట్టిరి. శిక్ష శబ్దమునకు బాతయర్థమును దిరిగి తెచ్చిన వారిలో నాయన యొకరు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో నాశ్రమవాసుల పతనమునకు దానే యేడుదినము లుపవసించి, నాలుగున్నర నెలలు ఒంటిపూట భుజించెను. ఆపస్తంబుడు శిష్యునకు విధించిన యుపవాసమును గురువు తనమీద వేసికొనుట యిది. శాస్త్రమునకు దూరమే కాని పరాయిది కాదు.

చట్టము సంగతి. ఆంధ్రప్రదేశ్ విద్యానియమావళి (1966) 122వ నియమము నీతిదోషములకు ప్రధానోపాధ్యాయుని యాధ్వర్యమున బెత్తమును వాడనిచ్చెను. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అచటి నియమములలోని యట్టి యనుజ్ఞను గొట్టివేసెను. 2002 ఫిబ్రవరిలో మన ప్రభుత్వ ముత్తరువుచేత 122వ నియమమును మార్చి శారీరకదండనమును మాన్పెను. 2010 ఏప్రిలు 1 నుండి యమలైన విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనున, దెబ్బలతోబాటు మానసికవేదనను గూడ నిషేధించి, మీఱినవానిపై నుద్యోగనియమముల ననుసరించి చర్య యని చెప్పెను. శిక్షను నిషేధించిన చట్టము గురువునకు శిక్షనే విధించినది. ఇంతకంటె వేఱు మార్గము చట్టమునకు దెలియకపోవుట యాశ్చర్యము కాదు. కాని బెత్త మున్న చోటు ఖాళీయైనది. ఒకని పలక నొకడు పగులగొట్టినప్పుడు, ఒక పిల్లను బదిమంది కులము పేర వెక్కిరించినప్పుడు, ఉపాధ్యాయుడు చేయగూడనిది సెక్షనులో నున్నది, చేయదగినది లేదు. ఈ ఖాళీలో మఱల బెత్తమో, కాదేని యుపేక్షయో ప్రవేశించును. ఉపేక్షవలన నష్టపోవునది ఆ వెక్కిరింపబడిన పిల్ల. బెత్తమును నిలుపగోరువా రీ యొక్క మాటలో సత్యమునకు దగ్గఱగా నున్నారు.

ఆ ఖాళీని బూరించుటకే విదేశములలో సంధానపద్ధతి పుట్టినది. న్యూజిలాండున మావొరీ జనుల కుటుంబసభల నాధారము చేసికొని 1989లో బాలనేరస్థుల చట్టమును గావించిరి. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండున, బడి నృత్యోత్సవమున జరిగిన యొక కొట్లాట పిమ్మట, మార్గరెట్ తోర్స్‌బోర్న్ అను నామె కొట్టినవానిని, దెబ్బతిన్నవానిని, ఇరువురి పెద్దలను మండలముగా గూర్చుండబెట్టి సభ నడపెను. బడిలో నట్టి సభ కదియే మొదటిదని చెప్పుదురు. ఏమి జరిగినది, ఎవరెవరు నొచ్చిరి, దానిని సరిచేయుట కేమి కావలెను అను ప్రశ్నల వరుసయే యా సభకు బ్రాణము. చిత్తుని గుమ్మమున సుధమ్ముడు నిలుచుటకును దీనికిని బోలిక చెప్పనక్కఱలేదు. సంబంధము కలదని నే ననను. ఒక యక్కఱనుండి రెండు చోట్ల రెండు కాలముల బుట్టిన రెండు పద్ధతు లివి.

దీనిని గుఱించి యతిశయోక్తులు పనికిరావు. అమెరికాలో పిట్సుబర్గు నగరపు 44 బడులలో రెండేండ్లు పరీక్షించి 2018లో బ్రకటించిన ఫలితములను బట్టి, బడినుండి పిల్లలను దూరముంచిన దినములు తగ్గినవి, బడి వాతావరణము బాగుపడినదని యుపాధ్యాయులు చెప్పిరి. కాని ఆఱు మొదలు ఎనిమిది తరగతుల పిల్లల చదువు కొంత వెనుకబడినది. సభకు గాలము పట్టును, ఆ కాలము పాఠమునుండియే పోవును. అఱువదిమంది గల తరగతిలో నుపాధ్యాయుడు సభ లెన్ని చేయగలడు? నలువదిమందితో నొంటరిగా నున్న వీధిబడి యయ్యవారి యిబ్బందియే యిది. చింతబరికె యా యిబ్బందిలో మొలిచినదని మఱువరాదు. ఇక మన యూళ్లలో బలవంతపు క్షమాపణ యను ప్రమాద మొకటి గలదు. కామందు కొడుకు పాలేరు కొడుకును గొట్టినప్పుడు, సభ పేర నా పాలేరు కొడుకుచేతనే పోనిమ్మనిపించుట మనవారికి దెలియని విద్య గాదు. వినయపిటక మిట్టిదానిని ముందే యూహించినట్లున్నది: అనుదూతను దప్పు చేసినవానికి దోడిచ్చినది వానిని గుమ్మమువఱకు నడిపించుటకే కాని, గృహస్థుని నోరు మూయుటకు గాదు. గృహస్థుడు క్షమింపకపోవుటకు నచట దావు గలదు. క్షమింపకున్నను తప్పు నొప్పుకొనుట తప్పదు.

జాతకకథలో నిట్టి తావు లేదు. రాజును గురువును సమాధానపడిరి. ఒకడు పురోహితు డయ్యెను, ఒకడు రాజ్య మేలెను. కథాంతమున బుద్ధుడు ఆ జన్మమున దా నెవ్వరో, ఆ రాజెవ్వరో చెప్పెను. వెల యక్కఱలేదు, నేర్పు మని గురువు నడిగిన ముదుసలి మూడవనాటి త్రోవకడనే యాగిపోయినది. కుమారుడు తిన్న నువ్వుల మాట యామెతో మఱల నెవ్వరును బ్రస్తావింపలేదు.